పట్టిన ఫిల్టరల్లా సరైన ఫిల్టర్ కాదు

సంపాదకులు గారికి,

వేట నిషేధం సగానికి వచ్చింది. ఏప్రిల్ 15న ఒడ్డుకు చేరిన మరబోట్లు జూన్ 14 దాకా కదలవు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఇప్పుడు ఎటు చూసినా చెక్కపని, రంగులు, వలల మరమ్మతు, ఇంజన్ పని. నిషేధ కాలపు భృతి 10,000 నుంచి 20,000 రూపాయలకు పెరిగిన సంగతి పత్రికల్లో బాగానే వచ్చింది, సంతోషం. ఆ డబ్బులోనూ, దానికి తోడు తెచ్చిన అప్పులోనూ కొంత పోయేది స్పేర్ పార్టుల దుకాణాలకు. అక్కడ ఏం అమ్ముతున్నారో ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను రాస్తున్నది ముఖ్యంగా ఇంజన్ ఆయిల్‌ని వడకట్టే ఆయిల్ ఫిల్టర్ల గురించి.

ఇంత చిన్న డబ్బా మీద ఉత్తరమా అనుకోవచ్చు. ఫిల్టర్ ఖరీదు వందల్లో ఉంటుంది. ఆయిల్ అందక బేరింగులు అరిగి, క్రాంక్ దెబ్బతింటే ఖర్చు లక్షల్లోకి పోతుంది. అదీ ఒడ్డున ఉంటే. నడిసముద్రంలో ఇంజన్ పట్టేస్తే ఇంకో బోటు తన వేట మానుకొని లాక్కురావాలి, లేదా 1554కి ఫోన్ చేసి కోస్ట్ గార్డ్ కోసం ఎదురుచూడాలి. ఆ లోపు గాలి ఎటు తోస్తే అటే.

దుకాణంలో జరిగేది ఇది. ఓనరో, డ్రైవరో పాత ఫిల్టర్ పట్టుకెళ్తాడు. దాని మీద అక్షరాలు ఉప్పుగాలికి ఎప్పుడో చెరిగిపోయి ఉంటాయి. కౌంటర్‌లో కుర్రాడు పక్కన ఇంకోటి పెట్టి చూసి, "ఇదీ అదీ ఒకటే అన్నా, సరిపోద్ది, తీసుకెళ్లు" అంటాడు. చాలాసార్లు నిజంగానే సరిపోతుంది. సరిపోనప్పుడే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. కొన్ని ఇంజన్లలో ఫిల్టర్ బిగించే స్టడ్, అంటే త్రెడ్లు (మరలు) ఉన్న కడ్డీ, ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు. ఇంకొన్నిటికి 20 మిల్లీమీటర్ల త్రెడ్. తేడా ఒక్క మిల్లీమీటరు కూడా లేదు, పైనుంచి చూస్తే డబ్బాలు రెండూ ఒకేలా ఉంటాయి. ముప్పావు అంగుళం స్టడ్‌కి 20 మిల్లీమీటర్ల ఫిల్టర్ పెట్టి తిప్పితే ఎక్కుతుంది. రబ్బరు రింగు ఆనగానే బిగుసుకున్నట్టే ఉంటుంది. కానీ లోపల త్రెడ్లు అంచులతో మాత్రమే పట్టుకొని ఉంటాయి. ఇంజన్ వేడెక్కి, ప్రెషర్ పెరిగి, గంటల తరబడి అదురుతుంటే ఒక దశలో జారిపోతుంది. ఇక ఆయిలంతా బోటు అడుక్కి పోవడానికి ఎంతోసేపు పట్టదు. బిగించే ముందు ఫిల్టర్‌ని స్టడ్ మీద రెండు మూడు చుట్లు ఎక్కించి అటూ ఇటూ ఊపి చూడాలి. లొడలొడలాడితే అది మన ఇంజన్‌ది కాదు.

కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది, బైపాస్ వాల్వ్. ఫిల్టర్ పేపర్ మురికితో పూడుకుపోయినప్పుడు ఆ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిలైనా సరే ఇంజన్‌కి పంపుతుంది. మురికి ఆయిల్ మంచిది కాదు గానీ, అసలు ఆయిల్ లేకపోవడం కంటే నయం. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వ్ ఫిల్టర్ బిగించే హెడ్‌లోనే ఉంటుంది, కొన్నిటికి ఫిల్టర్ లోపల ఉండాలి. హెడ్‌లో వాల్వ్ లేని ఇంజన్‌కి వాల్వ్ లేని ఫిల్టర్ పెడితే, పేపర్ పూడిన రోజున ఆయిల్‌కి దారే ఉండదు. వాల్వ్ స్ప్రింగు మరీ మెత్తనిదైతే గొడవ ఇంకోలా ఉంటుంది: తెల్లవారుజామున చల్లటి చిక్కటి ఆయిల్‌కే తెరుచుకుంటుంది, ఫిల్టర్ ఉండీ లేనట్టే. ఇవేవీ డబ్బా పొడవు, వెడల్పు కొలిస్తే తెలియవు.

మొన్న మా షెడ్డులో రెండు ఫిల్టర్లు కోసి బల్ల మీద పెట్టాం. రెండూ ఒకే ఇంజన్‌కి అని అమ్మినవే. ఒకదాంట్లో పేపర్ మడతలు దగ్గర దగ్గరగా, వరసగా ఉన్నాయి. రెండు చివర్లా రేకు మూతలు, కింద గట్టి స్ప్రింగు. రెండోదాంట్లో మడతలు సగం కూడా లేవు. చివర మూత అట్టముక్క, దానికి పూసిన జిగురు ఒకపక్క ఊడి వేలు పట్టేంత సందు. ఆయిల్ పేపర్‌లోకి ఎందుకు పోతుంది, ఆ సందులోంచే పోతుంది. పెట్టె మాత్రం రెండోదానిదే బాగుంది, తళతళలాడుతూ హోలోగ్రాం కూడా ఉంది.

అలాగని కంపెనీ ఫిల్టరే కొనాలని నేను అనను. మన బోట్లలో చాలావాటికి ఉన్నవి లారీ ఇంజన్‌ని సముద్రానికి మార్చినవే. పేరున్న తయారీదారు అదే కొలతలతో, అదే వాల్వ్ ప్రెషర్‌తో చేసిన లారీ ఫిల్టర్ శుభ్రంగా పనిచేస్తుంది. "మెరైన్" అని ముద్రేసి రెట్టింపు ధర రాసినంత మాత్రాన గొప్పదైపోదు. కానీ ఏది సరిపోతుందో తేల్చాల్సింది కౌంటర్ మీద కంటిచూపు కాదు, ఇంజన్ మోడల్ నంబరు.

మార్చే లెక్కలోనూ లారీ పద్ధతి పనికిరాదు. బోటుకి కిలోమీటర్లు లేవు, గంటలే. ఇంజన్ పుస్తకంలో ఆయిల్, ఫిల్టర్ 250 గంటలకు మార్చమని ఉందనుకోండి. వల లాగే బోటు రోజుకు 16, 17 గంటలు ఇంజన్ ఆపకుండా 15 రోజులు వేట చేస్తే ఆ గంటలు ఒక్క ట్రిప్పులోనే అయిపోతాయి. "మూడు ట్రిప్పులకోసారి మారుస్తాం" అనే ఓనర్లు హార్బర్‌లో తక్కువేం లేరు. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపే అవర్ మీటర్ పాడైతే బాగుచేయించేవాళ్లే తక్కువ.

మత్స్యశాఖకు నేను అడిగేది పెద్ద పథకమేమీ కాదు. ఇంజన్ కంపెనీల దగ్గర వివరాలు తీసుకుని ఒక పట్టిక వేయండి: ఏ మోడల్‌కి ఏ ఫిల్టర్ నంబరు, త్రెడ్ ఎంత, రబ్బరు రింగు కొలత ఎంత, బైపాస్ వాల్వ్ ఎక్కడ, ఎంత ప్రెషర్‌కి తెరుచుకుంటుంది. తెలుగులో, పెద్ద అక్షరాలతో. హార్బర్ గేటు దగ్గర, డీజిల్ బంకు దగ్గర అంటించండి. కాకినాడ, నిజాంపట్నం, మచిలీపట్నంలో కూడా. విశాఖలోనే మెరైన్ ఫిట్టర్లకు శిక్షణ ఇచ్చే సిఫ్‌నెట్ ఉంది. వాళ్ల మాస్టార్లు ఈ నిషేధ కాలంలో ఒక్క పూట జెట్టీ మీదకొచ్చి ఫిల్టర్ కోసి చూపిస్తే డ్రైవర్లకు అర్థమవుతుంది.

తూనికలు కొలతల శాఖకూ పని ఉంది. ప్యాకెట్‌లో అమ్మే వస్తువు మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ ధర ఉండాలని నిబంధన. అవేవీ లేని పెట్టెలు ఇక్కడ బహిరంగంగానే అమ్ముతున్నారు. ఇంకొకరి బ్రాండు పేరు వేసి అమ్మడం నేరం కూడా, జైలు శిక్ష ఉంది.

బోటువాళ్లకు ఒక మాట: బిల్లు అడగండి. బిల్లు లేకుండా పది రూపాయలు తగ్గిస్తే సంబరపడి వచ్చేస్తున్నాం. సొంతంగా బతుకుదెరువు కోసం కొన్న వస్తువైతే మత్స్యకారుడు కూడా వినియోగదారుడే, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే హక్కు ఉంది. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. బిల్లు లేకపోతే ఆ ఫిల్టర్ ఆ దుకాణంలోనే కొన్నామని చూపించడం కష్టం.

బోట్లకు కొత్త ఫిల్టర్లు ఎక్కువగా పడేది ఈ రెండు నెలల్లోనే. మత్స్యశాఖ పట్టిక జూన్ 14 తర్వాత అంటిస్తే అది వచ్చే ఏడాదికే పనికొస్తుంది.

— ఒక ఇంజన్ మెకానిక్, ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం