పన్నుకు మూఢం లేదు: మా మండపం అద్దె గురించి

ఒంగోలులో కర్నూలు రోడ్డుకు పక్క వీధిలో ఉన్న మా చిన్న కల్యాణ మండపంలో పెళ్లిళ్లు, నిశ్చితార్థాలు, ఓణీల వేడుకలు, సీమంతాలు జరిపించుకున్న కుటుంబాల వారికీ, రాబోయే ముహూర్తాలకు తేదీలు ఖాయం చేసుకున్న వారికీ నమస్కారం. ఉగాది తరువాత అద్దెలో ఒక మార్పు చేశాము. రోజు అద్దె 38,000 రూపాయల నుంచి 40,500 రూపాయలు అయింది. ఈ మాట ఫోనులో చెప్పినప్పుడల్లా అవతలి నుంచి దాదాపు ఒకే ప్రశ్న వస్తోంది: "ఆస్తి పన్ను పెరిగిందనేనా?" అవునని ఒక్క మాట అంటే అక్కడితో సంభాషణ ముగిసిపోతుంది, ఎవరూ మమ్మల్ని తప్పుపట్టరు. కానీ అది మూడు వంతులు అబద్ధం అవుతుంది కనుక, పెంచిన 2,500 రూపాయలలో పన్ను ఎంత, తక్కినది ఏమిటి అన్న లెక్కను మీ ముందు పెడుతున్నాను.

నగరపాలక సంస్థకు రాబడి తగ్గిందనీ, పన్ను పెంచక తప్పదనీ అనే మాట బడ్జెట్ సమావేశాల కాలం రాగానే ఏటా వినిపిస్తుంది. పాలకవర్గం ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా ఆ మాట మారదు. దానిలో నిజం లేకపోలేదు. నగరపాలక సంస్థకు సొంతంగా వచ్చేది ప్రధానంగా ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, భవన నిర్మాణ అనుమతుల రుసుములు, వ్యాపార లైసెన్సుల రుసుములు. స్థలాలు, ఇళ్లు చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చులో భాగంగా ఆస్తి విలువ మీద నూటికి రూపాయిన్నర చొప్పున వసూలయ్యే బదిలీ సుంకం కూడా స్థానిక సంస్థలకే చెందాలి. స్థలాల బేరాలు మందగిస్తే ఆ సుంకం తగ్గుతుంది, కొత్త కట్టడాలు తగ్గితే అనుమతుల రుసుములూ తగ్గుతాయి. 2021లో ఇళ్ల మీదా దుకాణాల మీదా మొదలుపెట్టిన చెత్త రుసుము ప్రజలకు ఎంత మాత్రం నచ్చలేదు, 2024లో దాన్ని రద్దు చేశారు. రద్దు విని సంతోషించిన వారిలో నేనూ ఒకణ్ణి. అయితే పెళ్లి మరునాడు మా గుమ్మం ముందు పోగుపడే అరిటాకులనూ, ఆహార వ్యర్థాలనూ ఎత్తుకుపోయే బండికి డీజిలు, ఆ బండి మీది మనుషులకు జీతాలు ఎక్కడినుంచో రావలసిందే.

వీటన్నింటిలోనూ హెచ్చుతగ్గులు లేకుండా వచ్చేది ఆస్తి పన్ను ఒక్కటే కనుక, ఎవరి దృష్టి అయినా చివరికి దాని మీదనే నిలుస్తుంది. పైగా కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం 2025-26 దాకా పట్టణాలకు గ్రాంట్లు ఇవ్వడానికి పెట్టిన షరతులలో ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించడం, వసూళ్లను రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధికి దీటుగా పెంచుతూ పోవడం అన్నవి ఉండేవి. అంటే అప్పట్లో పన్ను పెంచకపోతే పోయేది పన్ను మాత్రమే కాదు, పైనుంచి రావలసిన గ్రాంటు కూడా.

మన రాష్ట్రంలో 2021 ఏప్రిల్ 1కి ముందు భవనానికి ఏడాదికి ఎంత అద్దె రావచ్చునో అంచనా వేసి, దాని మీద పన్ను కట్టేవారు. ఆనాటి నుంచి మూలధన విలువ పద్ధతి వచ్చింది. స్థలం విలువను రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన ధర ప్రకారమూ, కట్టడం విలువను దాని రకాన్నీ వయసునూ బట్టీ లెక్కించి, మొత్తం మీద నివాస భవనాలకు 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్యలో స్థానిక సంస్థ నిర్ణయించిన రేటును వేస్తారు. యజమానే కాపురముంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి మాత్రం ఏడాదికి 50 రూపాయలు. మా మండపం వాణిజ్య భవనం కనుక రెండో కోవలోకి వస్తుంది. కొత్త లెక్క ప్రకారం పన్ను ఎంత తేలినా, ఏ ఏడాదీ అంతకు ముందు ఏడాది కట్టిన దాని మీద 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితిని కూడా అప్పుడే పెట్టారు.

ఆ "15 శాతమే" అన్న మాట విని మొదట్లో నేను ఊపిరి పీల్చుకున్నాను. మా నాన్నగారు వడ్డీ లెక్కలు నోటితో కట్టే మనిషి. ఆయన మాత్రం అప్పుడే, "ఇది బారువడ్డీ కాదురా, చక్రవడ్డీ" అన్నారు. 2020-21లో మేము కట్టిన పన్ను 18,400 రూపాయలు. మరుసటి ఏడాది అది 21,160 అయింది, ఆపైన 24,334, ఆపైన 27,984, 2024-25 నాటికి 32,182. నాలుగు పెంపులకు ముప్పాతిక వంతు పెరిగింది. అదే వరసలో ఐదోసారి కూడా పెరిగితే మొదటి దానికి రెట్టింపు దాటుతుంది. దీనికి తోడు పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఎలాగూ ఉంటుంది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, చదువుకునే రోజుల్లో జిల్లా గ్రంథాలయంలో నేను ఫ్యాను కింద కూర్చున్న గంటలకు అది చాలా తక్కువ. రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ విలువలను 2025 ఫిబ్రవరి 1న మళ్లీ సవరించారు. మూలధన విలువ ఆ ధరల మీదనే ఆధారపడి ఉంటుంది కనుక, అవి పెరిగిన చోట ఈ ఏటేటా పెంపులతో పన్ను చేరుకోవలసిన గమ్యం కూడా దూరం జరుగుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మండపం వెనుక భోజనాల కోసం వేసిన రేకుల షెడ్డు చాలామందికి గుర్తుండే ఉంటుంది. వర్షంలో పంక్తి లేవదీయవలసిన అవస్థ తప్పించడానికి దాన్ని వేశాము. వేసిన తరువాత రెండేళ్లకు పైగా అది పన్ను లెక్కలో లేదు. ఎవరూ కొలవలేదు, నేనూ చెప్పలేదు. "రేకుల షెడ్డే కదా" అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను, కానీ ఆ షెడ్డు చూపించే అద్దె ఎక్కువ అడిగిన మాట కూడా నిజమే. చివరికి వార్డు సచివాలయానికి వెళ్లి నేనే కొలతలు రాయించాను. దాని మూలంగా పెరిగిన మొత్తమూ తరువాతి మార్పులూ కలిపి మా పన్ను ఇప్పుడు ఏడాదికి 40,000 రూపాయలకు చేరింది. ఈ సంగతి విన్న తోటి మండపాల వారు ఇద్దరు నన్ను చూసి జాలిపడ్డారు. నగరపాలక సంస్థ ఏటేటా పన్ను పెంచడం అన్యాయమని నేనూ వారితో కలిసి అనేవాణ్ణి, నా పెరట్లో లెక్కకు రాని షెడ్డు ఒకటి ఉంచుకుని అలా అనడం మాత్రం నాకు నచ్చకుండా పోయింది.

పన్ను సంగతి అలా ఉంటే, మా ఆదాయం సంగతి వేరు. 2023-24లో మండపం 52 రోజులు నిండింది. కిందటి ఏడాది 37 రోజులకు పడిపోయింది. అందులో పెద్ద దెబ్బ శుక్ర మౌఢ్యానిది. 2025 నవంబరు చివరి వారంలో మొదలై 2026 ఫిబ్రవరి మధ్య దాకా సాగడంతో, మాఘమాసం ముహూర్తాల కోసం ఎదురుచూసే మా వంటి వారికి ఆ రోజులు దాదాపు మొత్తం పోయాయి. ఆ మూడు నెలలూ మండపంలో వాచ్‌మన్, అతని కుక్క తప్ప ఇంకొక ప్రాణి తిరగలేదు. అయినా విద్యుత్ మీటరుకు స్థిర చార్జీలు పడ్డాయి, వాచ్‌మన్‌కు జీతం ఇచ్చాము, పన్ను కట్టాము. పురోహితులు మూఢమంటే ఆగుతారు కానీ పన్ను ఆగదు, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ కూడా వేస్తారు.

పన్నును నిండిన రోజుల మీద పంచి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 2023-24లో 27,984 రూపాయలను 52 రోజులకు పంచితే రోజుకు దాదాపు 540 రూపాయలు. ఇప్పుడు 40,000 రూపాయలను 37 రోజులకు పంచితే దాదాపు 1,080. పన్ను రెట్టింపు కాలేదు, ఒక్కొక్క పెళ్లి మీద పడే వాటా మాత్రం దాదాపు రెట్టింపైంది. అదే 52 రోజులూ నిండి ఉంటే ఇప్పటి పన్నుకు కూడా రోజుకు 770 రూపాయలే పడేది. మోసేవారు తగ్గిన కొద్దీ మోసే ఒక్కొక్కరి బరువు పెరుగుతుంది. నగరపాలక సంస్థ లెక్క కూడా ఇంతకంటే వేరుగా ఉంటుందని నేననుకోను. కొలతకు రాని అంతస్తులు, నివాసమని రాయించి దుకాణాలకు ఇచ్చిన గదులు, ఏళ్ల తరబడి బకాయిపడిన భవనాలు ఆ సంస్థకు మా ఖాళీ రోజుల వంటివి. వాటిని లెక్కలోకి తేకుండా రేటు పెంచితే, ఇప్పటికే వేళకు కడుతున్న వారి మీదనే ఆ పెంపు పడుతుంది. అందువల్ల పన్ను పెంచవద్దని నేను అడగను, ముందు కొలవండి, బకాయిలు రాబట్టండి, ఆ తరువాత కూడా చాలకపోతే పెంచండి అని అడుగుతాను. ఇది నా వ్యాపారానికి పనికొచ్చే వాదనే అని ఒప్పుకుంటూనే చెబుతున్నాను.

ఇప్పుడు 2,500 రూపాయల సంగతి. అందులో పెరిగిన పన్ను వాటా, పైన చూపిన 1,080లో పాత 540 పోగా, 540. నీళ్లది 600. కుళాయి నీళ్లు ప్రతిరోజూ రాని ఊరు మనది కనుక, వంటకూ చేతులు కడుక్కోవడానికీ పెళ్లికి నాలుగు ట్యాంకర్లు తెప్పిస్తాము. మాకు 600 రూపాయలకు వచ్చే ట్యాంకరు ఇప్పుడు 750 అయింది. శుభ్రం చేసే నలుగురికి రోజుకూలి 500 నుంచి 700 చేశాము, అది 800. అది అడిగితే పెంచినది కాదు, రాత్రి రెండు గంటలకు పంక్తులు కడిగే ఆడవాళ్లకు 500 ఇస్తున్నందుకు మా ఆవిడ నన్ను ఏడాదిగా నిలదీస్తోంది. మిగిలిన 560 రూపాయలు ఖాళీ నెలల ఖర్చు. వాచ్‌మన్ జీతమూ స్థిర చార్జీలూ ఎవరూ వాడుకోని రోజులకు కూడా ఉంటాయి, వాటిని వాడుకున్న వారి మీద వేయక తప్పడం లేదు. ఈ నాలుగింటిలో మీకు అన్యాయంగా తోచేది ఏదైనా ఉంటే అది ఈ చివరిదే కావచ్చు, ఒప్పుకుంటాను. ముహూర్తాలు మళ్లీ నిండితే మొదట తగ్గించేది కూడా దీన్నే.

ఉగాదికి ముందు బయానా ఇచ్చిన వారికి పాత అద్దే వర్తిస్తుంది, తేదీ ఎప్పటిదైనా సరే. మూఢం వల్ల తేదీ మార్చుకున్న పది కుటుంబాల వారికి కూడా అంతే. సీమంతం, బారసాల, పుట్టినరోజు వంటి పూటలో ముగిసే వేడుకలకు ఇంతవరకూ పూర్తి రోజు అద్దె తీసుకునేవాళ్లం. ఇకమీదట ఉదయం పూటకు గానీ సాయంత్రం పూటకు గానీ 18,000 రూపాయలు తీసుకుంటాము. దీనిలో ఔదార్యమేమీ లేదు, ఖాళీ రోజులు నింపుకోవాలన్న అవసరం ఉంది. పెద్దకర్మలకు అద్దె ఎప్పటి లాగానే సగమే.

ఒకటి మాత్రం మీ నుంచి కోరుతున్నాము. భోజనాలయ్యాక అరిటాకులు, అన్నం ఒక డ్రమ్ములోనూ, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల సీసాలు ఇంకొక దానిలోనూ వేయించండి. రెండూ కలిపి పోస్తే చెత్త బండి వాళ్లు తీసుకుపోవడానికి ఇష్టపడరు, మరునాటి పెళ్లివారు వచ్చేసరికి గుమ్మం ముందు అది అలాగే ఉంటుంది. వంటవారికి ఈ మాట ముందుగా చెబితే చాలు.

ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంది. మేము ఈసారి ఆ గడువులోనే కట్టేశాము, 2,000 రూపాయలు మిగిలాయి. ఆ డబ్బుతో మెట్ల పక్కన పెద్దవాళ్లు పట్టుకోవడానికి ఇనుప కమ్మీ వేయించాము. కిందటి కార్తీకంలో ఒక పెళ్లికూతురి అమ్మమ్మగారు ఆ మెట్ల మీద తూలినప్పటి నుంచి అది నా మనసులో ఉన్న పని.

ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠ మాసం కనుక ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు. నిజ జ్యేష్ఠం తేదీలలో రెండు మాత్రమే ఖాళీగా ఉన్నాయి. అధిక మాసంలో పుట్టినరోజులకూ, పాత విద్యార్థుల సమావేశాలకూ మండపం కావలసిన వారు ఒక వారం ముందు చెబితే సరిపోతుంది, పూట అద్దెలో ఆ నెలకు మాత్రం ఇంకొక 3,000 రూపాయలు తగ్గిస్తాము.