మా చిన్నాయన పుస్తకం వినాలంటే పేరు, అడ్రస్సు రాసివ్వాలా?

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

కడప నుంచి నమస్కారం. కాపీరైట్ వ్యవహారం మీ శాఖ కిందికే వస్తుంది కాబట్టి మీకే రాస్తున్నాను.

మా చిన్నాయన రిటైరైన తెలుగు మాస్టారు. షుగర్ వల్ల చూపు పోయింది. ఫోను చదివి వినిపిస్తుంది కదా, ఇప్పుడు ఆయనకు పేపరైనా పుస్తకమైనా అదే. పోయిన నెల ఒక ఈ-బుక్ కొనిచ్చాను. తెరిస్తే ఫోను "పేజీ ఒకటి, పేజీ రెండు" అంటుందే తప్ప లోపలి ముక్క ఒక్కటీ పలకదు. కాపీ చేయకుండా తాళం వేశారట. ఆ యాప్ షరతుల్లో మాత్రం ఏ పేజీలో ఎంతసేపు ఉన్నామో నమోదు చేసుకుంటామని రాసుంది! మేం పుస్తకాన్ని చదవలేకపోతున్నాం, వాళ్లు మాత్రం మమ్మల్ని చదువుకుంటున్నారన్నమాట.

సరే, చట్టం ఏమంటుందో చూశాను. 1957 కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్‌ను 2012లో చేర్చారు. హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. దానికి నాకు అభ్యంతరం లేదు, రాసినవాడు కూడా బతకాలి. అదే సవరణలో వికలాంగులకు అనువైన రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చని 52వ సెక్షన్‌లో పెట్టారు. చూపులేనివాళ్ల కోసం వచ్చిన మరాకెష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది కూడా మన దేశమే.

మెలిక 65ఎలోనే ఉంది. చట్టం వద్దని చెప్పని పనికి తాళం తీయొచ్చు, కానీ ఇంకొకరికి తీసిపెట్టేవాడు వాళ్ల పేరు, అడ్రస్సు, గుర్తుపట్టే వివరాలన్నీ, ఎందుకు తీయించుకున్నారో కూడా రాసిపెట్టుకోవాలి. మా వీధిలో ఫోన్లు బాగుచేసే పిల్లోడికి ఇది చెబితే, "రేపు ఎవరన్నా వచ్చి అడిగితే ఆ లెక్క చూపించాలా అన్నా?" అన్నాడు. ఏం చెప్పను? ఎన్నాళ్లు దాచాలో, ఎవరికి చూపాలో ఆ సెక్షన్‌లో లేదు. వాడు ఫోను నా చేతిలో పెట్టేసి పక్క గిరాకీ వైపు తిరిగాడు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో చెప్పింది. ఏం చదువుతున్నామన్నది అందులోకి రాదా? ఇంకోమాట, ప్రతి తీయడమంటేనే దొంగతనం కాదు. మా ఊరి ఎర్రముక్కపల్లిలో సి.పి. బ్రౌన్ దొర పేరుమీద గ్రంథాలయం ఉంది. ఆయన పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు ప్రతులు రాయించాడు కాబట్టే కొన్ని పుస్తకాలు మనదాకా వచ్చాయి.

నేనడిగేది రెండే. ఆ వివరాలు రాసుకునే నిబంధన తీసేయండి, కనీసం వికలాంగుల విషయంలోనైనా. తాళం వేసి అమ్మేవాళ్లు చదివి వినిపించే దారి మూయకూడదని ఒక్క వాక్యం చేర్చండి.

ప్రస్తుతానికి రాత్రి అన్నాలు తిన్నాక నేనే చదివి వినిపిస్తున్నాను. మూడో అధ్యాయంలో ఉన్నాం. నేను ఒత్తులు మింగుతున్నానని చిన్నాయన రోజూ తిడుతున్నాడు.

ఇట్లు,
కడప నుంచి ఒక పాఠకుడు