కోడి, కుంపటి, సహసంబంధం

సంపాదకులు గారికి,

తెల్లవారకముందే నిద్రలేచే పిల్లలకే మంచి మార్కులు వస్తున్నాయని ‘సర్వేలో తేలిన’ వార్తను మీరు మొదటి పేజీలో వేసి పది రోజులు దాటింది. మరునాడో ఆ మరునాడో ఎవరో ఒకరు సరిచేస్తారని ఎదురుచూశాను. సరిచేయకపోగా, ఆ వార్తనే ఆధారంగా చూపుతూ బడిని ఇప్పటికన్నా గంట ముందుగానే మొదలుపెట్టాలని ఒక ఉన్నతాధికారి సమీక్షా సమావేశంలో సూచించినట్లు మీరే మళ్లీ ఐదో పేజీలో వేశారు. ముప్ఫై ఏళ్లకు పైగా గణాంకశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాకు ఇక ఊరుకోవడం చేతకాక ఈ లేఖ రాస్తున్నాను.

మీ వార్తలో చివరి పేరా దాకా ఓపికగా చదివినవారికి మాత్రమే తెలిసే సంగతి ఒకటుంది: సర్వే చేసినవారు మాట్లాడింది మంచి ర్యాంకులు వచ్చిన పిల్లలతోనే. వారిలో ఎక్కువమంది చీకటితోనే లేస్తామన్నారు. అన్నారే అనుకుందాం, తక్కువ మార్కులు వచ్చిన పిల్లలు ఎన్నింటికి లేస్తున్నారో ఎవరు అడిగారు? సహసంబంధం అంటే రెండు చలరాశుల్లో, అనగా మారుతూ ఉండే రెండు కొలతల్లో, ఒకటి హెచ్చితే రెండోది హెచ్చుతున్నదా, తగ్గుతున్నదా, దాని మానాన అది ఉంటున్నదా అని చూడటం. అందులో ఒకటి అసలు మారకుండా అందరికీ ఒకటే అయినప్పుడు గుణకం, అంటే ఆ సంబంధాన్ని కొలిచే అంకె, కట్టడానికే వీలుండదు; సూత్రంలో భాగహారం కింద సున్నా వచ్చి కూర్చుంటుంది. ర్యాంకర్లను మాత్రమే పిలిచి అడిగితే తేలేది ర్యాంకర్ల దినచర్యే తప్ప మార్కుల రహస్యం కాదు. చీకటితోనే లేచి, ఆవులిస్తూ చదివి, అయినా తప్పిన పిల్లలు ఎందరున్నారో మనకు తెలియదు, ఎందుకంటే వారి ఇంటికి కెమెరా తీసుకుని ఎవరూ వెళ్లరు.

పోనీ, అందరినీ అడిగారనీ, సంబంధం నిజంగానే కనబడిందనీ అనుకుందాం. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను చూసి తరతరాలుగా నవ్వుకుంటున్నాం కానీ, గణాంకాల ప్రకారం ఆమె తప్పేమీ లేదు. కోడి కూసిన వేళల్లోనే తెల్లవారింది, మిగతా వేళల్లో తెల్లవారలేదు, సహసంబంధం ఇంచుమించు పూర్తిగా ఉంది. తప్పల్లా కోడిని కారణం అనుకోవడంలో ఉంది. పెందలాడే లేచే పిల్లవాడి వెనుక వాడిని లేపి, పక్కన కూర్చుని, చదివించే తీరిక ఉన్న పెద్దలు ఉండవచ్చు. లేదా చదువు మీద ముందునుంచీ ఇష్టం ఉన్నవాడే లేస్తూ ఉండవచ్చు. అంటే చదువు మీది ఇష్టం వల్ల లేవడమూ మార్కులూ వచ్చాయే కానీ లేవడం వల్ల మార్కులు రాలేదన్నమాట. బడి వేళ మార్చితే పిల్లలకు తగ్గేది నిద్ర. ఆ పక్కన కూర్చునే మనిషి మాత్రం ప్రభుత్వ ఉత్తర్వుతో రాడు.

వార్త మొత్తంలో ఒక్క అంకె లేకపోవడం నన్ను మరీ బాధించింది. ‘గట్టి సహసంబంధం’ అని రాశారు. ఎంత గట్టి? 1888లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ భావనకు రూపమిచ్చాడు, 1896లో గణాంకశాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ దానికి మనం నేటికీ వాడే సూత్రం కట్టాడు, అదంతా ‘గట్టి’, ‘మెత్తని’ వంటి మాటలతో పని లేకుండా మైనస్ 1 నుంచి ప్లస్ 1 మధ్య ఒక అంకె చెప్పడానికే (ప్లస్ అయితే రెండూ కలిసి హెచ్చుతాయి, మైనస్ అయితే ఒకటి హెచ్చితే రెండోది తగ్గుతుంది, సున్నా అయితే సరళరేఖ సంబంధం లేనట్టే). అంకె వేస్తే మాత్రం సుఖమా అంటే అదీ లేదు, గుణకం 0.4 వస్తే ‘40 శాతం మందికి’ అని రాసే అలవాటు ఒకటుంది. నా తరగతిలో ఏటా సగం మంది ఈ తప్పు చేసేవారు, కానీ వాళ్లకు పద్దెనిమిదేళ్లు. 0.4ను వర్గం చేస్తే 0.16 వస్తుంది, అంటే పిల్లల మార్కుల మధ్య ఉన్న హెచ్చుతగ్గుల్లో (విస్తృతిలో) 16 శాతాన్ని మాత్రమే లేచే వేళతో సరళరేఖగా జతచేయగలం. లేచే వేళ తెలిసినందువల్ల ఒక పిల్లవాడి మార్కులను ఊహించడంలో మన పొరపాటు దాదాపు 8 శాతం తగ్గుతుంది, అంతే. ఇందుకోసం లక్షల మంది పిల్లలను చీకట్లో బడికి నడిపించాలా?

ఆ వార్త వచ్చిన రోజు సాయంత్రం ఇంటర్ చదివే మా మనవరాలితో ఒక గ్రాఫు కాగితం మీద పదకొండు చుక్కలు పెట్టించాను. పది చుక్కలు అడ్డగీత మీద 8 దగ్గర, ఒకదాని మీద ఒకటి నిలువుగా నిలబడ్డాయి. పదకొండోది దూరంగా 19 దగ్గర, పై మూలన ఒంటరిగా ఉంది. గుణకం కట్టమంటే క్యాలిక్యులేటర్ నొక్కి 0.816 అని చెప్పి, ‘చాలా ఎక్కువ తాతయ్యా’ అంది. ఆ మూల చుక్క మీద వేలు పెట్టి మూసి మళ్లీ చూడమన్నాను. ఆ పిల్ల కొంతసేపు మాట్లాడలేదు, ఎందుకంటే మిగిలిన వాటిలో సంబంధం అన్న మాటకే చోటు లేదు. ఇది నా సొంత కల్పన కాదు. 1973లో గణాంకశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ అన్స్‌కోంబ్ ఇచ్చిన నాలుగు పట్టికల్లో చివరిది. నాలుగింటికీ సగటులు ఒకటే, గుణకం ఒకటే, గీయగల సరళరేఖ కూడా ఒకటే. చుక్కలు పెట్టి చూస్తే ఒకటి మామూలుగా ఉంటుంది, ఒకటి చక్కని వంపు, మూడోదాన్ని ఒక్క చుక్క పక్కకు లాగేస్తుంది, నాలుగోది మా ఇంట్లో బల్ల మీద ఉన్నది. ఇంటర్ పిల్లకు పావుగంటలో అర్థమైనది సమీక్షా సమావేశాలకు ఎందుకు అర్థం కాదో నాకు తెలియదు.

సమీక్షల మాట వచ్చింది కనుక ఇంకొకటి. అధికారులు తెరమీద చూపే పటాలన్నీ ఏడాది వారీవే: పథకం మొదలైన ఏడాది నుంచి ఖర్చు పెరిగింది, ఉత్తీర్ణత పెరిగింది, కనుక పథకం ఫలించింది, చప్పట్లు. కాలంతోపాటు పైకి పోయే ఏ రెండింటికైనా, కిందికి దిగే ఏ రెండింటికైనా సహసంబంధం దానంతట అదే వస్తుంది. బ్రిటన్ గణాంకశాస్త్రవేత్త ఉడ్నీ యూల్ 1926లోనే దీని గుట్టు విప్పాడు. ఇంగ్లండు, వేల్సులలో 1866 నుంచి 1911 వరకు మొత్తం పెళ్లిళ్లలో అక్కడి అధికార చర్చిలో జరిగిన వాటి వాటా, మరణాల రేటు, ఈ రెండూ తీసుకుంటే గుణకం 0.95 వచ్చింది. చర్చిలో పెళ్లి చేసుకోవడం మానితే జనం చావడం తగ్గుతుందని ఆయన సిఫార్సు చేయలేదు. రెండూ వేర్వేరు కారణాలతో ఆ కాలంలో తగ్గుతూ వచ్చాయి, అంతే. ఆ ఏళ్లలోనే పథకం ఖర్చుతోపాటు నా వయసు కూడా పెరిగింది, కనుక ఉత్తీర్ణత పెంచినందుకు నాకూ ఒక శాలువా రావాలి.

జిల్లాల సగటులు తీసుకుని పిల్లల గురించి మాట్లాడటం ఇదే కోవలోని మరో వేడుక. 1950లో సమాజశాస్త్రవేత్త విలియం రాబిన్సన్ అమెరికా 1930 జనాభా లెక్కలతో చూపినది ఏమిటంటే, విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ (గుణకం మైనస్ 0.53), కానీ ఒక్కొక్క మనిషినీ విడిగా చూస్తే విదేశాల్లో పుట్టినవారిలోనే నిరక్షరాస్యత కాస్త ఎక్కువ (ప్లస్ 0.12). గుర్తే తిరగబడింది! వలస వచ్చినవారు చదువు బాగా ఉన్న రాష్ట్రాలకు చేరుకున్నారు గనుక అలా జరిగింది.

ఇదంతా చదివి, ‘సహసంబంధం కారణం కాదు’ అన్న ఒక్క వాక్యాన్ని పట్టుకుని తప్పించుకునేవారు మరో రకం. తమకు నచ్చిన అంకె వస్తే అది రుజువు, నచ్చనిది వస్తే ‘సహసంబంధం మాత్రమే’. ఇంతకన్నా సుఖమైన శాస్త్రం లేదు. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బ్రిటన్ పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లో చూపిన తర్వాత, గణాంకశాస్త్రంలో దిగ్గజం వంటి రొనాల్డ్ ఫిషర్ అంతటివాడే, పొగతాగే కోరికకూ క్యాన్సర్‌కూ పుట్టుకతో వచ్చే ఒకే లక్షణం మూలమై ఉండవచ్చని వాదించాడు. ఆయన పైపు తాగేవాడు, పొగాకు తయారీదారుల సంఘానికి సలహాదారుగానూ ఉన్నాడు. వాదంలో తర్కదోషం లేదు, నిజం మాత్రం లేదు. దాన్ని తేల్చింది నినాదాలు కావు: 1951 నుంచి బ్రిటన్ వైద్యులనే ఏళ్ల తరబడి వెంబడించి చూడటం, ఎక్కువ తాగినవారికి ముప్పు ఎక్కువ అని, మానేసినవారికి తగ్గిందని నమోదు చేయడం. సహసంబంధం కారణానికి రుజువు కాకపోవచ్చు, కానీ వెతకమని చెప్పే మొదటి కబురు అదే. ఆ వెతుకులాట శ్రమే మన అధికారులకూ, క్షమించాలి, మీ విలేకరులకూ గిట్టడం లేదు. ఒకప్పుడు మీ పత్రికలో పరిశోధన వార్త వేస్తే కనీసం ఎంతమందిని అడిగారో చెప్పేవారు.

అందుచేత ఇకమీదట ఇటువంటి వార్త వేసేటప్పుడు గుణకం ఎంతో, ఎంతమందిని ఎలా ఎంచుకున్నారో రాసి, వీలైతే పక్కన చుక్కల పటం ఒకటి వేయవలసిందిగా కోరుతున్నాను. పది రోజుల కిందటి వార్తకు సవరణ వేసేట్లయితే వార్త వచ్చిన పేజీలోనే వేయండి, వర్గీకృత ప్రకటనల మధ్య కాదు. మనవరాలు గీసిన పదకొండు చుక్కల కాగితాన్ని ఈ లేఖతో జతచేస్తున్నాను. మూల చుక్కను వేలితో మూసి చూడమని మీ విద్యా విభాగం విలేకరికి చెప్పండి. కాగితం తిరిగి పంపనక్కర్లేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు