మా జిప్సీ మళ్ళీ తోటకు చేరింది, చెయ్యేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం మా పాత మారుతి జిప్సీ ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ బలం అందే నెమ్మది గేరులో) బంగారుపాళెం దగ్గరి మా మామిడి తోట గుట్ట చివరిదాకా ఎక్కింది. మూడు నెలలుగా ఆ ఎత్తు మీద ఫోర్ లో వేసే లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేసేది. బండి వెనక్కి జారుతుంటే బ్రేకు తొక్కి పట్టుకుని కూర్చునేవాణ్ణి. నిన్న లివర్ కదల్లేదు. ఇది నా ఒక్కడి పని కాదు, అందుకే రాస్తున్నాను.

ఒక వర్క్‌షాపులో ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) మొత్తం మార్చాలి, 45,000 అవుతుంది అన్నారు. తోతాపురి కోతకు నెల కూడా లేదు. కూలీలకు, క్రేట్లకు డబ్బు అప్పుడే కావాలి. ఒకటే టెన్షన్. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్సుకు అతికి ఉండదు, మధ్యలో చిన్న షాఫ్ట్ ఉంటుంది, గేర్‌బాక్సు కదపకుండా దీన్నొక్కదాన్నే దించొచ్చు అని ధైర్యం చెప్పింది పలమనేరులో ఉండే మా బావ. జాక్ తెచ్చి, రెండు ఆదివారాలు నాతోపాటు బండి కింద పడుకున్నాడు. బావా, నీకూ, నిన్ను పంపిన అక్కకూ దండాలు.

ఆయిల్ దించితే వెండి పొడి కలిపినట్టు మెరుస్తూ వచ్చింది. కౌంటర్ షాఫ్ట్ నీడిల్ బేరింగులు, థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయి. పాత బేరింగులు లాగి కొత్తవి ప్రెస్ చేసిచ్చిన చిత్తూరు లేత్ అన్న కూలి కూడా తీసుకోలేదు. అన్నా, ఈ సీజన్ మొదటి బుట్ట మీ ఇంటికే.

అసలు చెప్పాల్సింది మా వీధి పెద్దాయన గురించి. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కేస్ మూసి బోల్టులన్నీ బిగించాక, ఒకసారి చూడమని పిలిచాను. వచ్చీ రాగానే సామాన్ల ట్రే దగ్గర ఆగిపోయారు. అందులో చిన్న పిన్ను ఒకటి మిగిలి ఉంది. అది ఇంటర్‌లాక్ పిన్ను.

"ఇది లేకున్నా బండి నడస్తాది నాయనా. కానీ ముందు చక్రాలు కలవకుండానే లో గేరు పడతాది. బరువంతా ఎనక యాక్సిల్ మీదే. మళ్ళా విప్పు" అన్నారు.

అప్పటికే రాత్రి తొమ్మిది. నాకు ఏడుపొచ్చింది. ఆయన లుంగీ ఎగగట్టి నా పక్కనే కింద కూర్చున్నారు. విప్పుతుంటే లివర్ జారడానికి కారణమూ దొరికింది. లివర్ జారకుండా షిఫ్ట్ షాఫ్ట్ గాడిలో చిన్న ఇనుప గోళీని నొక్కి పట్టే స్ప్రింగ్ అలిసిపోయింది. మర్నాడు కొత్తది తెచ్చాక రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించారు. పాతది పొట్టిగా ఉంది. బేరింగులెన్ని మార్చినా అది ఉన్నన్నాళ్ళూ బండి జబ్బు పోయేది కాదు. ఆ రాత్రి పదకొండింటికి రాగి సంగటి, ఊరిమిండి తెచ్చి మా ఇద్దరికీ పెట్టిన పెద్దమ్మను ఎలా మరిచిపోతాను?

బేరింగులు, సీళ్ళు, గాస్కెట్, ఆయిల్ అన్నీ కలిపి 9,600 అయింది. 500 కిలోమీటర్లు తిరిగాక ఈ ఆయిల్ దించి పొడి వస్తోందో లేదో చూడాలని పెద్దాయన చెప్పారు. పెద్దాయనా, ఆ రోజు కూడా మీరు పక్కన ఉండాలి.