ఇంగ్లిష్ వాక్యానికి తెలుగు ‘తూ’ పరీక్ష

సంపాదకులకు,

పిల్లల సెలవు చీటీల్లో తరచూ కనబడే వాక్యం: ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ద డాక్టర్ అడ్వైజ్డ్ మీ టు టేక్ రెస్ట్.’ స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది, టెన్సూ సరిగ్గానే ఉంది. కానీ ఈ వాక్యంలో జ్వరం వచ్చింది డాక్టరుకి. దీన్ని ‘డాంగ్లింగ్ మాడిఫయర్’ అని బోర్డు మీద రాసి, నిర్వచనం బట్టీ పట్టిస్తున్నాం. తప్పు మాత్రం ఉద్యోగ దరఖాస్తుల దాకా వెంట వస్తోంది.

నిజానికి ఈ సూత్రం పిల్లలకు తెలుగులో ముందే వచ్చు. ‘జ్వరంతో బాధపడుతూ డాక్టరు నన్ను విశ్రాంతి తీసుకోమన్నారు’ అని ఎవరూ అనరు. జరుగుతున్న పనిని చెప్పే శత్రర్థకం ‘తూ’కి, అసలు క్రియకి కర్త ఒకరే కావాలి. కర్తలు వేరైతే, ఎవరూ చెప్పకుండానే, ‘నేను బాధపడుతుంటే’ అంటాం. ఇంగ్లిష్‌లో ఆ ‘తుంటే’ పని ‘యాజ్’, ‘వెన్’ చేస్తాయి: ‘యాజ్ ఐ వాజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ద డాక్టర్ అడ్వైజ్డ్ మీ టు టేక్ రెస్ట్.’ అందుకే ‘ఇంగ్’తో మొదలైన వాక్యాన్ని ‘తూ’ పెట్టి తెలుగులో చదివించాలి. కామా తర్వాత వచ్చిన కర్తే ఆ పని చేశాడా అని అడగాలి. ముందు జరిగిన పనిని చెప్పే క్త్వార్థకంతో (‘పడి’, ‘తిని’ లాంటి రూపాలతో) మాత్రం ఈ పరీక్ష పెట్టొద్దు. ‘వానలు పడి చెరువు నిండింది’ అన్నప్పుడు కర్తలు ఇద్దరైనా తెలుగు ఒప్పుకుంటుంది, పిల్లలు తికమకపడతారు.

తెలుగు అలవాటు దెబ్బతీసే చోటు వేరే ఉంది. ‘పిల్లలకు పేపరు ప్లేట్లలో దోసెలు పెట్టింది’ అన్న వాక్యంలో మాటల వరస మార్చినా ‘కు’, ‘లో’ అర్థాన్ని పట్టి ఉంచుతాయి. విభక్తి ప్రత్యయాలు దాదాపు లేని ఇంగ్లిష్‌లో ఆ భారం మాట ఉన్న చోటుదే. ‘షీ సర్వ్డ్ దోసాస్ టు ద చిల్డ్రన్ ఆన్ పేపర్ ప్లేట్స్’ అంటే ప్లేట్ల మీద ఉన్నది పిల్లలు. ‘షీ సర్వ్డ్ ద చిల్డ్రన్ దోసాస్ ఆన్ పేపర్ ప్లేట్స్’ అని ‘ఆన్ పేపర్ ప్లేట్స్’ను దోసెల పక్కకు జరిపితే చాలు. ‘ఓన్లీ’ కూడా అంతే. ‘రవే వంద ఇచ్చాడు’, ‘రవి వందే ఇచ్చాడు’ అనడంలో ‘ఏ’ దేనికి తగిలిందో ఆ మాట ముందే ‘ఓన్లీ’ పెట్టాలి.

ఇదంతా ఒక్క పీరియడ్ పని. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు వినబడకూడదన్న నిబంధన దీనికి అడ్డొస్తోంది. గ్రామర్ చెప్పేటప్పుడైనా దాన్ని సడలించాలని పాఠశాలల యాజమాన్యాలను కోరుతున్నాం.

– ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, ఖమ్మం