రాసా కొనేముందు ఒక్క మాట

కావలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. స్థలం అమ్మిన డబ్బుల్లో కొంత టెలిస్కోపుకి పెడుతున్నానన్నావే, ఆ ముక్క చెల్లెమ్మ చెవిన వేశావా? వేసుంటేనే మిగతాది చదువు.

సెలెస్ట్రాన్ కంపెనీ వాళ్ళ రాసా 8 టెలిస్కోపు మీద మనసు పడ్డావు. తప్పు పట్టను. 203 మిల్లీమీటర్ల వెడల్పు, 400 ఫోకల్ లెంగ్త్, అంటే ఎఫ్/2 (ఫోకల్ లెంగ్త్‌ని వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె, అది ఎంత చిన్నదైతే ఫొటో అంత తొందరగా దిగుతుంది). దీనికి పోటీగా నేను చూస్తున్న తకహాషి వాళ్ళ ఎప్సిలాన్ 130 టెలిస్కోపుకి మూడు నిమిషాలు పట్టే ఫొటో ఇందులో నిమిషం పైచిలుకులో దిగుతుంది. పోయినేడు నువ్వు వలచిన ఎఫ్ఎస్‌క్యూ 106 టెలిస్కోపు ఎఫ్/5 కదా, దానికైతే ఆరు రెట్లు పైనే పడుతుంది. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. వెన్నెల రాత్రులు పోనూ, ఆఫీసు పోనూ మిగిలేవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. వేగం ఎవరికి చేదురా?

నాకూ అలాగే ఉండేది, ఫిబ్రవరి అమావాస్యకి అరువు తెచ్చిన రాసా కార్లో వేసుకుని ఉదయగిరి పోయేదాకా. ఇక్కడ రొయ్యల గుంటల లైట్లకి ఆకాశం తెల్లారిపోయినట్టుంటది, అక్కడ దుర్గం కొండ వెనక బో చీకటి. మృగశిర ఉన్న వేటగాడి చుక్కల గుంపు (ఓరయన్) నడినెత్తిన ఉంది. అందులోని గుర్రం తల నీహారిక మీద గురిపెట్టి నిమిషం ఎక్స్‌పోజర్ ఇచ్చానో లేదో, తెరమీద తల కనబడింది! ఎగిరి గంతేశాను. గంట తర్వాత చూస్తే చుక్కలన్నీ ఉబ్బిపోయాయి. ఎఫ్/2లో ఫోకస్ తప్పడానికి ఉన్న సందు పది మైక్రాన్లే, తలవెంట్రుక మందం కూడా కాదు. గొట్టం కాస్త చల్లబడితే చాలు, జరిగిపోతుంది. ఎప్సిలాన్‌లో ఆ సందు మూడింతలు. సరే, మళ్ళీ ఫోకస్ చేశాను. పదకొండింటికి ముందున్న గాజుపలక మీద మంచు పట్టేసింది. మంచు పట్టకుండా చుట్టే హీటర్ పట్టీ ఇంట్లో మర్చిపోయింది నేనే. కారు ఇన్వర్టర్‌కి మీ వదిన హెయిర్ డ్రయ్యర్ తగిలిస్తే ఫ్యూజు పోయింది. ఇంక పులిబొంగరాలు తిని పడుకున్నాను.

గొట్టం ముందు గాజుపలక పెట్టి బొమ్మని సరిచేసే ఆ ఉపాయం 1930లో బెర్న్‌హార్డ్ ష్మిట్‌ది. చిన్నప్పుడే కుడిచెయ్యి పోయినా ఒంటిచేత్తో అద్దాలు అరగదీశాడు మహానుభావుడు. నాకు రెండు చేతులుండీ పట్టీ గుర్తులేదు.

అసలు చిక్కు నీ కెమెరాతో. రాసాకి కెమెరా గొట్టం ముందు కూర్చోవాలి. నీ ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ అక్కడ పెడితే వచ్చే వెలుగుకి అదే అడ్డం. పైగా రాసా 8 చుక్కల్ని సూదిమొనల్లా చూపేది మధ్యలో 22 మిల్లీమీటర్ల మేరే. అంటే గుండ్రటి ఆస్ట్రో కెమెరా మళ్ళీ కొనాలి. నీహారికల హైడ్రోజన్ ఎరుపుని మాత్రమే వదిలే నీ ఫిల్టరూ పనికిరాదు. ఎఫ్/2లో వెలుగు బాగా ఏటవాలుగా వస్తుంది, దాంతో ఫిల్టరు వదిలే రంగు పక్కకి జరిగిపోతుంది. ఎఫ్/2 కోసమే చేసినది వేరే తీసుకోవాలి. ఎప్సిలాన్‌లో బొమ్మ బాగా పడే వృత్తం 44 మిల్లీమీటర్లు, నీ కెమెరా ఉన్నది ఉన్నట్టు సరిపోతుంది. ముందు గాజు లేదు గనక మంచు బెడదా తక్కువే. కాకపోతే మన గతుకుల రోడ్డు మీద అద్దాలు కదులుతాయి, వెళ్ళిన ప్రతిసారీ సరిచేసుకోవాలి. అది నీ వల్ల అవుతుంది. నీ పాత న్యూటోనియన్‌ (అద్దాల టెలిస్కోపు)తో అదేగా చేస్తున్నావు.

నా ఓటు ఎప్సిలాన్‌కే. ఒంగోల్లో మేడ మీద పర్మనెంటుగా బిగిస్తానంటావా, అప్పుడు రాసా సంగతి మాట్లాడదాం.

వచ్చే అమావాస్యకి ఇటు రా, ఉదయగిరి పోదాం. చెల్లెమ్మనడిగి హెయిర్ డ్రయ్యర్ తీసుకురా. మా ఇంట్లోది ఆ రోజునుంచి బీరువాలో ఉంది, తాళం మీ వదిన దగ్గర.

నీ
శీనుగాడు