మామా, నీ కుందేళ్ల గురించి

మామా,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫొటో చూసి ఎంత సంతోషమేసిందో. పాప ఒళ్లో రెండు తెల్లటి పిల్లలు, ఒకదాని చెవి మీద బూడిదరంగు మచ్చ. ఫోన్లోనే చెబుదామనుకున్నా గానీ చెప్పాల్సింది చాలా ఉంది, రాసి ఉంటే మళ్లీ మళ్లీ చూసుకుంటావని రాస్తున్నా. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు, పొద్దంతా వాటి దగ్గర ఉండేది తనే కదా.

ముందు మా మొదటి కుందేలు సంగతి. నీకెప్పుడూ చెప్పలేదు, చెప్పబుద్ధి కాలేదు. బాబు పుట్టినరోజుకని, రోడ్డు పక్కన అట్టపెట్టెలో పెట్టి అమ్ముతుంటే కొన్నాం, అరచేతిలో పట్టేంత ఉంది. కుందేలు పిల్ల ఎనిమిది వారాలన్నా తల్లి దగ్గర ఉండాలని అప్పుడు తెలీదు. ముద్దుకొద్దీ క్యారెట్ పెట్టాం, బిస్కెట్ పెట్టాం, గిన్నెలో ఆవుపాలు పోశాం. ఆరో రోజు సాయంత్రం మూలన ముడుచుకుని కూర్చుంటే నిద్రపోతోందనుకున్నాం. తెల్లారేసరికి పోయింది. బాబు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

కుందేలు తన బాధ బయటపడనివ్వదు మామా. కుక్క మూలుగుతుంది, పిల్లి అరుస్తుంది. ఇది మాత్రం అందరికీ ఆహారమయ్యే జంతువు, నీరసంగా కనిపించిందంటే వేటాడేవాటి కన్ను ముందు దాని మీదే పడుతుంది, అందుకని ఒళ్లు ఎంత బాగోలేకపోయినా ఏమీ కానట్టే కూర్చుంటుంది. మనం చూడాల్సినవి రెండే: తింటోందా, పెంటికలు వేస్తోందా. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకి రెండు మూడు వందల పెంటికలు వేస్తుంది, గుండ్రంగా, ఎండుగా, అన్నీ ఇంచుమించు ఒకే సైజులో. చిన్నవైపోయినా, వెంట్రుకలతో దండలా అతుక్కుని వచ్చినా, అసలు పడకపోయినా కడుపు మందగించిందని అర్థం. పది పన్నెండు గంటలు ఏమీ తినలేదంటే రేపు చూద్దాంలే అనుకోవద్దు, అర్ధరాత్రైనా సరే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే. పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే అంత టైం కూడా ఉండదు.

తెల్లవారుజామున అది వంగి తన వెనక నుంచే మెత్తటి ముద్దలేవో తింటుంటే చూసి పాప అసహ్యపడుతుందేమో, ఆపనివ్వకు. చిన్న ద్రాక్షగుత్తిలా ఉంటాయి అవి, మామూలు పెంటికలు కావు. మొదటిసారి అరగని సారమంతా రెండోసారి అలా తీసుకుంటుంది. ఆవు నెమరు వేసినట్టే అనుకో.

ఇక తిండి. బొమ్మల్లో చూసి మనందరం కుందేలంటే క్యారెట్ అనుకుంటాం. క్యారెట్‌లో తీపి ఎక్కువ, వారంలో రెండు మూడు సార్లు చిన్న ముక్క చాలు, దాని ఆకు ఇస్తే ఇంకా మంచిది. అసలు తిండి ఎండుగడ్డి. దాని పళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లయితే వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పేగులు కదలాలన్నా ఆ పీచే కావాలి. ఇరవై నాలుగు గంటలూ గడ్డి ముందర ఉండాలి. ఆన్‌లైన్‌లో తిమోతి గడ్డి దొరుకుతుంది గానీ ఖరీదు, అందుకని మేం గరిక తెచ్చి కడిగి డాబా మీద ఆరబెట్టుకుంటాం. వినాయక చవితికి కొనే గరికే. రోడ్డు పక్కన కోసింది వద్దు, కుక్కలు తిరుగుతాయి, మందులు కొట్టి ఉంటారు. వరిగడ్డిలో సత్తువ లేదు, కింద పరుపుగా వాడుకో.

నీవి రెండు నెలలు దాటాయన్నావు కాబట్టి గుళికల మేత ఇప్పుడు కొంచెం ధారాళంగానే పెట్టు, ఆరేడు నెలలు వచ్చాక తగ్గించి కిలో బరువుకి రోజుకి పాతిక గ్రాములు మించనివ్వకు. అమ్మినాయన ఏ మేత పెట్టాడో కనుక్కుని ఓ వారం అదే పెట్టి, మెల్లగా మార్చు. ఒక్కసారిగా మారిస్తే పిల్లల కడుపు తట్టుకోదు. ఆకుకూరలు కూడా ఒక్కొక్కటే అలవాటు చెయ్యి: ఇవాళ రెండు రెమ్మలు కొత్తిమీర, పెంటికలు బాగుంటే రెండు రోజులాగి పుదీనా. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాటా ఆకులు దగ్గరికి రానివ్వకు. అన్నం, చపాతీ, బిస్కెట్ కూడా వద్దు, మీ అమ్మగారు ప్రేమగా పెడతారు, ఆవిడకి మెల్లగా నచ్చజెప్పు. దానికి వాంతి చేసుకోవడం చేతకాదు, లోపలికి పోయింది పేగుల్లోంచి నడవాల్సిందే. నీళ్లు సీసాకంటే బరువైన మట్టిచిప్పలో పెట్టు, తలవంచి హాయిగా తాగుతాయి.

స్నానం చేయించకు. ఎంత మురికిగా కనిపించినా సరే. నీళ్లలో ముంచితే ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు, తడిసిన బొచ్చు తొందరగా ఆరదు కూడా. తడిగుడ్డతో తుడువు, చాలు.

చెవులు పట్టుకుని ఎత్తడం సినిమాల్లో చూసి ఉంటారు పిల్లలు. పాపకి ముందే చెప్పు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద వేసి గుండెకి ఆనించుకోవాలి. దాని వెనక కాళ్లకి ఎంత బలమంటే, గాల్లో వేలాడుతూ విదిలించుకుంటే తన వెన్నెముక తనే విరగ్గొట్టుకుంటుంది. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది, హాయిగా ఉందని కాదు, భయంతో బిగుసుకుపోయిందని. అసలు మొదటి వారం ఎత్తనే వద్దు. పాపని నేల మీద కూర్చుని బొమ్మల పుస్తకం చదువుకోమను, అవే వచ్చి వాసన చూస్తాయి.

అమ్మినాయన రెండూ ఆడవే అన్నాడన్నావు. నమ్మకు. ఈ వయసులో చూసి చెప్పడం కష్టం. మూడు నెలలు నిండేలోపు డాక్టర్‌కి చూపించు. ఒకటి మగదైతే వెంటనే వేరు చెయ్యి, కడుపైతే 31 రోజులకి ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ కట్టగలదు కూడా. తర్వాత ఆపరేషన్ చేయించు. ఆడవాటికి వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది, ఆపరేషన్ చేయిస్తే ఆ భయమూ పోతుంది. అయితే కుక్కల్ని చూసే ప్రతి డాక్టరూ కుందేళ్లని చూడలేరు. ముందే ఫోన్ చేసి అడుగు, నంబర్ ఫ్రిజ్ మీద అంటించుకో. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు నోటి ద్వారా వేస్తే పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి కుందేలే పోవచ్చు. కుక్కల పేలకి వాడే ఫిప్రోనిల్ చుక్కలు కూడా దీనికి విషమే. ముక్కు మీద, చెవుల అంచున తెల్లటి పొక్కు కడితే గజ్జి, రెండోదానికీ అంటుకుంటుంది, మందులషాపులో అడిగి పూయకుండా డాక్టర్‌కే చూపించు.

నాకు అసలు టెన్షన్ మీ విజయవాడ ఎండల గురించి. ముప్పై డిగ్రీలు దాటితేనే కుందేలు ఇబ్బంది పడుతుంది, మీకు మేలో నలభై దాటుతుంది. దానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. బాల్కనీలో పెట్టకు, పిల్లుల భయం కూడా ఉంది కదా. హాల్లో ఓ మూల చాప వేసి, పగలంతా కూలర్ గాలి తగిలేలా చూడు. నీళ్ల సీసా ఫ్రీజర్‌లో గడ్డకట్టించి గుడ్డచుట్టి పక్కన పెడితే ఆనుకుని పడుకుంటాయి.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న కుందేలు నల్లోడికి పోయినేడు మేలో ఇదే అయింది. ఆదివారం కరెంటు పోయింది, మధ్యాహ్నం కొత్తిమీర పెడితే మొహం తిప్పుకున్నాడు. మూలన చూస్తే పొద్దుటి పెంటికలు తప్ప కొత్తవి లేవు. మొదటిదానికి జరిగింది గుర్తొచ్చి చేతులు వణికాయి. చెవులు చల్లటి నీళ్లతో తడిపి, తడిగుడ్డ పరిచిన బుట్టలో పెట్టుకుని బండి మీద వెళ్లాం. డాక్టర్ చర్మం కింద సెలైన్ ఎక్కించి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. గుళికలు నానబెట్టి మెత్తగా చేసి సిరంజితో రెండు గంటలకోసారి పట్టమన్నారు. నేనూ బాబూ వంతులేసుకుని కూర్చున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి ఒక్కటంటే ఒక్క పెంటిక పడింది, వాడు నన్ను లేపి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. ఇద్దరం ఏడ్చేశాం.

ఇప్పుడు నల్లోడు సాయంత్రం కాగానే హాలంతా పరిగెత్తి గాల్లోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పుతాడు, సంతోషమొస్తే కుందేళ్లు అలా చేస్తాయి. మీవి కూడా చేస్తాయి, పాపకి చూపించు. ఛార్జర్ వైర్లు మాత్రం ఇవాళే పైకి తీసెయ్, క్షణంలో కొరికేస్తాయి. ఇనుప తీగల అడుగున్న పంజరం ఇచ్చారేమో చూడు, అరికాళ్లు పుండ్లు పడతాయి, అట్ట గానీ చాప గానీ పరువు.

వచ్చే ఆదివారం బస్సుకి వస్తున్నా, ఆరబెట్టిన గరిక ఓ సంచెడు తెస్తాను. ఈలోపు మూలన పాత పేపరు పరిచి పెట్టు. రేపు పొద్దున్నే రాత్రి పెంటికలు ఎలా పడ్డాయో ఫొటో తీసి పంపు.

నీ
మామ